రేగుకంప కింది మట్టి

మా లైన్ల వెనక ఉన్న మిట్టను పనికిరాని భూమి అని మొదట ఎవరన్నారో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేసరికే ఆ మాట అందరి నోటా ఉంది. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవారు. మా ఆయన బొగ్గు గని ఆఫీసులో గుమాస్తా. గనిలోకి దిగేవాళ్లలో చాలామంది ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు. మా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరసలుగా ఉండేవి. ఆ వరసలనే లైన్లు అనేవారు. చివరి లైను దాటితే ఎర్ర మొరం మిట్ట. దాని మీద రేగు, పరికి, తంగేడు పొదలు తప్ప చెట్టు అనదగ్గది లేదు. తల ఎత్తి చూడాల్సినది ఏదీ లేకపోతే అక్కడ ఏమీ లేదనుకోవడం మనుషులకు అలవాటు. చదువు ఆ అలవాటును పోగొట్టదు. నేను చూసినంతలో పెంచుతుంది.

నా మొదటి బిడ్డ ఆ మిట్ట మీద ఉంది. ఏడాది నిండలేదు. చలికాలంలో జ్వరం వచ్చి పోయింది. పెద్దవాళ్లు పోతే మావాళ్లు కాలుస్తారు, పసివాళ్లను పాతిపెడతారు. ఆడవాళ్లు వెంట పోకూడదు. మా అత్త నన్ను గడప దగ్గరే పట్టుకుని కూర్చుంది. మా ఆయన, ఇంకో ఇద్దరు మగవాళ్లు పోయి పని ముగించి, స్నానాలు చేసి వచ్చారు. ఎక్కడ అని అడిగితే, పెద్ద పరికి పొద ఉంది కదా, దానికి తూర్పున అని చెప్పాడు. గుర్తు పెట్టడం, పేరు రాయడం మాలో లేదు. గుంత పూడ్చి, రాళ్లు పేర్చి, పైన రేగుకంప కొట్టి కప్పుతారు. నక్కలు తవ్వకుండా అంతే. మంత్రం లేదు, మాట లేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ కంపకు పండ్లు ఉన్నాయి. అది రేగు పండే కాలం. కొమ్మలు ఎండి ఆకులు రాలాక, పండ్లు కూడా రాళ్ల సందుల్లోకి రాలాయి. రెండో వానాకాలానికి ఆ సందుల్లోంచి మొక్క వచ్చింది. మా ఒక్కరిదే కాదు. చలికాలంలో పోయిన పిల్లలు చాలామంది మీద రేగు మొలిచి ఉండేది. మిగతావాళ్లకు పక్కనున్న తంగేడో, పరికో గుర్తు. లైన్లలో ఏ తల్లిని అడిగినా తన పొద ఏదో తెలుసు. ఎవరూ అడిగేవారు కాదు. పిడకలకనో, కట్టెలకనో పేరు పెట్టి మిట్ట ఎక్కేవారు. కట్టెలు లేకుండా దిగి వచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నేను మధ్యాహ్నాలు పోయి కూర్చునేదాన్ని. ఏడవడానికి కాదు. ఇంట్లో కూర్చోలేక. చేతులు ఊరికే ఉండవు కాబట్టి మట్టిని కెలికేదాన్ని. పొదకు బారెడు దూరంలో మొరం గట్టిగా, వేడిగా, రొట్టె పెనంలా ఉండేది. వేలు దిగేది కాదు. పొద కింద మట్టి నల్లగా, చల్లగా ఉండేది. వేలు కణుపు వరకు దిగేది. వాన వెలిసిన మరునాడు ఖాళీ జాగా పొడిగా ఉండేది, పొద కింద తడి ఉండేది. చీమల పుట్టలు అక్కడే. కంజు పిట్టలు గుడ్లు పెట్టేది అక్కడే. ముండ్ల మధ్య నుంచి వేప మొక్క లేచేది, మేక మూతి అందదు కాబట్టి. అది కాస్త ఎదగగానే ఎవరో ఒకరు పొయ్యిలోకి విరుచుకుపోయేవారు. మిట్ట మీద చెట్టు లేకపోవడానికి కారణం మిట్ట కాదు, మేమే.

తర్వాతి ఏళ్లలో మట్టి గురించి రాసిన పుస్తకాలు దొరికినవి చదివాను. నేను చూసినదానికి కారణాలు వాటిలో ఉన్నాయి. పొద తన ఆకును తన కిందే రాల్చుకుంటుంది. అది కుళ్లి మట్టిలో కలుస్తుంది. గాలికి కొట్టుకుపోయే దుమ్ము, నీటికి కొట్టుకుపోయే ఒండ్రు దాని కాండాల దగ్గర ఆగుతాయి. వేర్లు రాతి పగుళ్లలోకి పోతాయి, వేర్ల వెంట నీరు దిగుతుంది. ఎండ నేలల్లో మట్టి అంతటా సమంగా ఉండదు. పొద ఉన్నచోట ఉంటుంది, లేనిచోట ఉండదు. ఇంతే విషయం. దీన్ని చెప్పడానికి కొందరు పొదను తల్లి అంటారు, నేలకు చీర అంటారు. అలాంటి వాక్యం కనబడితే నేను పుస్తకం మూసేస్తాను. పొద తల్లి కాదు. తల్లి ఎవరో నాకు తెలుసు.

రాష్ట్రాల హద్దులు మారిన ఏళ్లు అవి. మేం ఇల్లు కదలకుండానే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి పోయాం. కొన్నేళ్లకు ఆ రాష్ట్రమూ విడిపోయి మూడో పేరు వచ్చింది. ఆఫీసుల ముందు బోర్డులు దించి రంగు వేసి మళ్లీ ఎక్కించేవారు. రంగు ఆరకముందే ఇంకో హుకుం వచ్చేది. నది అవతల రాజురా వైపు నిన్నటిదాకా నిజాం నాటి ఉర్దూలో నడిచిన సర్కారు కచేరీలు మరాఠీలోకి మారాయి. మరాఠీ రాని గుమాస్తాలను తీసేస్తారని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. ఎవరినీ తీసేయలేదు కూడా. కానీ ఆ మాట విని మావాళ్లు వంచిన నడుములు చాలా ఏళ్లు లేవలేదు.

అందరికంటే ముందు వంగినవాడు మా సేటు. లైన్ల మొదట్లో కిరాణా దుకాణం ఆయనదే. తెలుగువాళ్లకు పెద్ద అనిపించుకునేవాడు. పెళ్లి సంబంధం మాట్లాడాలన్నా, మొగుడూ పెళ్లాల తగువు తీర్చాలన్నా ఆయన గల్లా ముందు నిలబడాలి. కొత్త రాష్ట్రం వచ్చిన నెలలోనే టోపీ మార్చాడు. పిల్లలతో ఇంట్లో మరాఠీ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన మరాఠీకి ఆయన పిల్లలే నవ్వేవారు.

ఎండాకాలం చివర కొత్త ఆఫీసరు ఒకాయన లైన్లు చూడటానికి వచ్చాడు. వయసులో చిన్నవాడు, బూట్లు శుభ్రంగా ఉన్నాయని మా ఆయన చెప్పాడు. ఆ రోజు వెంట నడిచినవాళ్లలో మా ఆయనా ఉన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం వైపు చూస్తూ జరిగింది చెప్పాడు. ఆఫీసరు మిట్ట కింద నిలబడి, ఈ స్థలం ఏమిటని అడిగాడట. సేటు వెంటనే, ఏమీ లేదు సాబ్, ముండ్ల పొదలు, పాములుంటాయి అన్నాడట. అయితే దీన్ని శుభ్రం చేసి, వానలు పడగానే చెట్లు నాటుదాం, అందరూ శ్రమదానం చేయండి అన్నాడట ఆఫీసరు. గుల్మోహర్ మొక్కలు పంపిస్తానన్నాడు. రోడ్డు మీంచి చూస్తే ఎర్రగా పూసి బాగుంటుందని.

నువ్వేమన్నావు అని అడిగాను. మా ఆయన మజ్జిగ పోయమన్నాడు. ఆయన మంచివాడు. తన మంచితనాన్ని ఆయన ముఖ్యంగా నోరు మూసుకోవడానికి వాడుకున్నాడు.

ఆ సాయంత్రమే సేటు దుకాణానికి పోయాను. ఆడవాళ్లు అక్కడ సామాను తప్ప మాట అడగరు. ఆయన చింతపండు తూస్తున్నాడు.

"మిట్ట మీద ఏమున్నదో మీకు ఎరుకే గద సేటూ. సాబ్‌కు ఎందుకు చెప్పలే?"

ఆయన ముందు అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఏమని చెప్పాలె బిడ్డా? మేం మా పిలగాండ్లను ఇండ్ల ఎనుక పాతిపెట్టుకుంటమని చెప్పాల్నా? గాయన నాగ్‌పూర్‌ల చదివిండు. మనల్ని అడివి మనుషులనుకుంటడు."

"అనుకోనియ్యుండ్రి."

"నీకేం, ఎన్నైనా అంటవ్. రేపు నీ మొగన్ని ఆఫీసుల నుంచి తీసేస్తే గప్పుడు తెలుస్తది." చింతపండు పొట్లం కట్టి దారం తెంపాడు. "ముండ్లే గద. కొట్టేస్తే మల్ల మొలుస్తయి."

"మట్టి మొలుస్తదా?"

ఆయన ఆ మాట విననట్టు నా వెనకున్న మనిషిని, నీకేం కావాలె అని అడిగాడు.

శ్రమదానం రోజు ఆదివారం పెట్టారు. పొద్దున్నే మైకు తెచ్చారు. ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. పొదలు పీకడానికి పాట అక్కర్లేదు. మగవాళ్లకు గడ్డపారలు, ఆడవాళ్లకు తట్టలు ఇచ్చారు. పొదలను నరికి వదిలేస్తే చిగురిస్తాయి కాబట్టి వేళ్లతో సహా పెకలించమని చెప్పారు. రేగు వేరు లోతుకు పోతుంది. ఒక్కో పొదకు ఇద్దరు ముగ్గురు మగవాళ్లు చెమటలు కక్కారు. వేరు వచ్చినప్పుడల్లా దాన్ని పట్టుకున్న నల్లమట్టి కూడా వచ్చేది. దాన్ని దులిపి, వేరును కుప్పలో పడేసేవారు. తమ చేతిలో ఉన్నదేమిటో ఆ మగవాళ్లలో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్లు తమ బిడ్డ ఉన్న వైపుకు పోకుండా అవతలి వైపు పని అందుకున్నారు. అంటే ఒకరి బిడ్డ దగ్గర ఇంకొకరు తవ్వారు. అదీ వాళ్లు కనిపెట్టిన మర్యాద.

నేను తట్ట తీసుకుని పోయి నా మొక్క పక్కన కూర్చున్నాను. అది అప్పటికి మోకాలెత్తు లేదు. ఎవరో లేవమన్నారు. లేవలేదు. ఇంకెవరో మా ఆయనను పిలుచుకురమ్మన్నారు. ఆయన సున్నం బకెట్టు మోస్తూ కిందెక్కడో ఉన్నాడు. చివరకు ఆఫీసరే వచ్చాడు, వెనక సేటు. ఆఫీసరు ఏమైందని హిందీలో అడిగాడు. ఇక్కడ నా కూతురు ఉంది అని హిందీలోనే చెప్పాను. ఇంకా చాలామంది పిల్లలు ఉన్నారని కూడా చెప్పాను. ఆయన సేటు వైపు తిరిగాడు. సేటు చేతులు కట్టుకుని, బిడ్డ పోయిన మనిషి సాబ్, మనసు సరిగ్గా లేదు అన్నాడు.

ఆఫీసరు చెడ్డవాడని చెప్పలేను. చెడ్డవాడైతే సులువుగా ఉండేది. టోపీ తీసి, ఈ ఒక్క మొక్కను వదిలేయండి అన్నాడు. చుట్టూ రాళ్లు పెట్టి సున్నం వేయమన్నాడు. ఇంకా పిల్లలు ఉన్నారన్న మాట ఆయన చెవిన పడలేదో, పడినా ఒక్కరికి దయ చూపిస్తే సరిపోతుందనుకున్నాడో. తెల్లటి రాళ్లు గుండ్రంగా పేర్చారు. నా బిడ్డకు అలంకారం చేశారు.

దిగి వస్తుంటే మా పక్క లైన్లో ఉండే ఆమె ఎదురైంది. ఆమె మగడు గని లోపల పని. ఇద్దరు కొడుకులను అదే మిట్ట మీద పెట్టింది. నన్ను వదినె అని పిలిచేది.

"మంచిగున్నది వదినె," అంది. "నీ బిడ్డకు సున్నం రాళ్లు. నా కొడుకులకు గడ్డపార."

నేను అందరి గురించీ చెప్పానని అనవచ్చు. అనలేదు. ఆమె పొదలు రెండూ అప్పటికే కుప్పలో ఉన్నాయి.

గుంతలు మిట్ట కింది నుంచి పైదాకా సూటిగా గీత గీసినట్టు తవ్వారు. అడ్డంగా తవ్వితే నీరు ఆగుతుందని రైతు పని చేసిన ఎవరికైనా తెలుసు. మావాళ్లలో అందరూ రైతు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. కానీ సూటిగా ఉంటే రోడ్డు మీంచి బాగుంటుందని ఆఫీసరు అన్నాడు, బాగుంటుంది సాబ్ అని సేటు అన్నాడు, అందరూ అలాగే తవ్వి గుల్మోహర్ మొక్కలు నాటారు. మధ్యలో పైదాకా ఒక బాట తీశారు. బాటకు రెండు పక్కలా కూడా సున్నం రాళ్లే.

పెద్ద వాన అదే నెలలో పడింది. ఊళ్లు ముంచే వాన ఏమీ కాదు. ప్రతి ఏడూ పడే వానే. నేను చివరి లైను చూరు కింద నిలబడి చూశాను. అంతకు ముందు ఏళ్లలో ఆ మిట్ట మీంచి నీళ్లు వచ్చేవి కావని కాదు. వచ్చేవి, కానీ పొద దగ్గర పొద దగ్గర ఆగి, చీలి, సగం నేలలోకి దిగి, తేటగా వచ్చేవి. ఆ రోజు ఆగడానికి ఏమీ లేదు. బాట వెంట ఎర్రటి నీళ్లు ఒక్క ధారగా దిగాయి. గుంతలు ఒకదాని తర్వాత ఒకటి నిండి, తెగి, కలిసిపోయాయి. గుల్మోహర్ మొక్కలు ముందు కొట్టుకొచ్చాయి. చివరి లైను ఇళ్లలోకి మోకాలి లోతు బురద వచ్చింది. బావి నిండా మొరం.

నా రేగుమొక్క కాసేపు నిలిచింది. దాని కింద మట్టి బాగానే ఉంది. కానీ పైనున్న మిట్టంతా దాని మీదికే వస్తోంది. ఒక్క పొద తన చుట్టూ బారెడు నేలను పట్టుకోగలదు. పైన పొద ఉంటే కింది పొదకు వచ్చే నీరు తగ్గుతుంది, కింద పొద ఉంటే పైనుంచి జారిన మట్టి ఆగుతుంది. ఒక్కదాన్నే వదిలేయడమంటే దాన్నీ వదిలేయకపోవడమే. నీళ్లు సున్నం రాళ్లకు తగిలి పక్కకు తిరిగి, ఆ పక్కనే నేలను కోశాయి. రాళ్లు పోయాయి. తర్వాత మొక్క ఒరిగింది. తర్వాత అది ఉన్నచోటు ఒక వాగులా అయింది.

వాన తగ్గాక ఎక్కాను. పక్క లైను ఆమె కూడా వచ్చింది. ఇంకొందరు తల్లులూ వచ్చారు. ఎవరి చోటు ఎక్కడో ఎవరూ చెప్పలేకపోయారు. పెద్ద పరికి పొదే లేనప్పుడు దానికి తూర్పు ఏది? కొన్నిచోట్ల రాయి బయటపడింది. మేం వెతికాం. ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్నది రాయను.

సేటు వాన పెద్దది పడిందన్నాడు. అదే మాట ఆఫీసుకు కూడా చేరింది. ఆ వానాకాలం ముగిశాక బతుకమ్మ వచ్చింది. బతుకమ్మకు అడుగున తంగేడు పూలు పేర్చకపోతే మావాళ్లకు పండగ కాదు. మిట్ట మీద తంగేడు మొక్క ఒక్కటి లేదు. దుకాణం పని మానుకుని సేటు తన పనివాళ్లను బస్సులో నది అవతలికి పంపి పూలు తెప్పించాడు. వాడిపోయిన పూలతో ఆయన భార్య అందరికంటే ఎత్తు బతుకమ్మను పేర్చింది. ఆడవాళ్లు దాని చుట్టూ తిరిగి పాడారు. నేను పోలేదు. పక్క లైను ఆమె కూడా పోలేదు. ఆ సాయంత్రం మా గడప మీద వచ్చి కూర్చుంది. నేను చాయ్ పెట్టాను.

తర్వాతి ఏడు ఆఫీసరు బదిలీ అయ్యాడు. ఇంకో మిట్ట మీద ఇంకొకరు మొక్కలు నాటించారు. మా మిట్ట వైపు మళ్లీ ఎవరూ చూడలేదు. చూడకపోవడమే దానికి జరిగిన మేలు. రాతి పగుళ్లలో గడ్డపారకు అందని వేరు ముక్కలు మిగిలాయి. వాటి నుంచి రేగు లేచింది. మేకల పెంటలో గింజలు వచ్చాయి. పైనంతా కొట్టుకుపోయింది కాబట్టి చాలా ఏళ్లు పట్టింది. ముందు వాగుల అంచుల్లో, తర్వాత మధ్యలో. పొద కింద వేలు దిగేంత మట్టి మళ్లీ రావడం నేను చూశాను. నా వేలితోనే చూశాను. అందులో నా బిడ్డ ఉందో లేదో ఆ మట్టి చెప్పదు.

సేటు మనవడు పోయేనాటికి నా వెంట్రుకలు నెరవడం మొదలైంది. నెలల పిల్లవాడు. మగవాళ్లు మిట్ట మీద శుభ్రంగా కనిపించిన చోట తవ్వబోతే గడ్డపార రాయికి తగిలి మోగింది. ఇంకోచోట తవ్వారు, అక్కడా అంతే. సేటు తనే మా ఇంటికి వచ్చాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. సేటు గడప అవతలే నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. టోపీ లేదు.

"బిడ్డా, గుంత పడ్తలేదు. ఏడ తవ్వాలె?"

"పొద ఉన్న కాడ తవ్వుండ్రి. ఆడనే మట్టి ఉంటది."

ఆయన తల ఊపాడు. కానీ పోలేదు.

"ఆడ ఇదివరకటి పిలగాండ్లు ఎవరన్న ఉంటే? నీ బిడ్డ ఏడున్నదో నీకు యాదికున్నదా?"

"నాకు తెల్వదు," అన్నాను. "మీరే సాఫ్ చేయించిండ్రు. మీకే తెల్వాలె."

ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తిరిగి మిట్ట వైపు నడిచాడు. నేను గడప దగ్గరే నిలబడి చూశాను. వాళ్లు ఒక పెద్ద రేగు పొద పక్కన తవ్వారు. పని త్వరగానే అయింది. రాళ్లు పేర్చి, కంప కొట్టి మందంగా కప్పారు.

కొన్నేళ్లకు పట్నం పెరిగి, లైన్ల వెనక కొలతలు తీసుకోవడానికి మనుషులు వచ్చారు. మిట్ట ఏమిటని వాళ్లూ అడిగారు. సేటు కర్ర పట్టుకుని ముందుకు పోయి, ఆడ పిలగాండ్లున్నరు, ముట్టకుండ్రి అన్నాడట. వాళ్లు కొలత అవతలికి జరుపుకున్నారు. ఒక్క మాటతో జరుపుకున్నారు. సేటు పెద్ద మనసు చేసుకున్నాడని లైన్లలో చెప్పుకున్నారు. మా ఆయన కూడా ఇంటికి వచ్చి ఆ మాటే అన్నాడు. నేను మజ్జిగ పోసి, ఆనాడు ఎవరూ చెప్పనిది ఇంత చిన్న మాటా అని అడిగాను.